ముందు మొదటి క్లెయిమ్ చదివి వినిపించండి: ఇంజనీరింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, ఫైనలియర్ ప్రాజెక్టుల బాధ్యత చూసే విభాగాధిపతులకు,

నమస్కారం.

గత ఫిబ్రవరిలో ఒక కళాశాల వారు తమ ప్రాజెక్టుల ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. మీలాంటి కళాశాలలోనే మెకానికల్ చదివి, పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో పేటెంట్ల పని చేసుకుని బతుకుతున్నవాడిని. పిలిచినందుకు సంతోషంగానే వెళ్లాను. గేటు దాటగానే నిలువెత్తు ఫ్లెక్సీ. ఈ ఏడాది తమ అధ్యాపకులు నలభై ఒక్క పేటెంట్లు సాధించారని అందులో ఉంది. కింద ఫొటోలు, శాలువాలు, బొకేలు.

లోపల మూడో వరసలో ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి మిరపకాయ తొడిమలు తీసే యంత్రం పెట్టుకుని నిలబడ్డారు. గుంటూరు వైపు ఊళ్లలో ఆ పని ఎవరు చేస్తారో, సాయంత్రానికి వాళ్ల వేళ్లు ఎలా మండుతాయో చూసినవాళ్లు ఆ బల్లను దాటి ముందుకు పోలేరు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఏళ్ల తరబడి ఆ కూలికే వెళ్లిందట. యంత్రం ఆడింది. కొన్ని కాయలు చిట్లాయి, గింజలు కింద రాలాయి, కానీ ఎక్కువ కాయలు తొడిమ ఊడి శుభ్రంగా ట్రేలో పడ్డాయి. వెనక గోడకు లామినేషన్ చేసిన కాగితం: పేటెంట్ ప్రచురితం అని, ఒక నంబరు, ఒక తేదీ.

"మొదటి క్లెయిమ్ ఒకసారి చదివి వినిపించమ్మా" అన్నాను. ఆవిష్కరణలో ఏది తమదో చెప్పే వాక్యమే క్లెయిమ్.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది మేం రాయలేదు సార్. ఏజెన్సీ వాళ్లు రాశారు. మాకు చూపించలేదు" అంది అమ్మాయి.

పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్ అనే వెబ్‌సైటులో ఎవరైనా రూపాయి ఖర్చు లేకుండా వెతకవచ్చు. అక్కడే నిలబడి ఫోన్‌లో ఆ నంబరు కొట్టాను. కృత్రిమ మేధతో మిరప నాణ్యతను పర్యవేక్షించే వ్యవస్థ ఏదో వచ్చింది. సెన్సర్లు ఉన్నాయి, క్లౌడ్ ఉంది, మొబైల్ యాప్ ఉంది. తొడిమ లేదు, రోలర్ లేదు. ఆవిష్కర్తలుగా తొమ్మిది పేర్లున్నాయి. వాటిలో నాలుగు ఈ పిల్లలు ఎన్నడూ వినని ఊళ్ల అధ్యాపకులవి. ఈ ముగ్గురిలో ఒక్కరి పేరూ లేదు.

"మేం చేసింది అది కాదు సార్, ఇదిగో చూడండి" అంటూ ఆమె యంత్రం మీది రేకు మూత ఎత్తబోయింది. పక్కన స్నేహితుడు రీల్ కోసం ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. ఫోన్ దించమని, మూత వేసేయమని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పిల్లలు బెదిరిపోయారు. తరువాత వాళ్లను క్యాంటీన్‌కు తీసుకువెళ్లి టీ తాగిస్తూ కారణం చెప్పాను: దరఖాస్తుకు ముందే బయటపడితే ఆవిష్కరణకు కొత్తదనం పోయి పేటెంట్ రాదు. మూత కింద కిటుకు ఏమిటో ఈ లేఖలో రాయను. రాస్తే వాళ్ల ఆవిష్కరణకు కొత్తదనం లేకుండా చేసినవాడిని నేనే అవుతాను.

అయ్యా, నేను అడగదలచుకున్నది చిన్న విషయం. మీ కళాశాల పేరు మీద వెళ్లే ప్రతి దరఖాస్తులోని మొదటి క్లెయిమ్‌ను, దాన్ని చేశామంటున్నవాళ్లు మీ ముందు చదివి, అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే దాని మీద సంతకం పెట్టకండి.

ప్రచురణకూ మంజూరుకూ తేడా మీకు తెలియదని అనుకోను. కానీ మీ ఫ్లెక్సీలు చూసే తల్లిదండ్రులకు తెలియదు. దరఖాస్తు వేసిన పద్దెనిమిది నెలలకు అది పేటెంట్ జర్నల్‌లో వస్తుంది. అంత ఆగలేనివారు ఫారం 9 వేస్తే నెల రోజుల్లో వస్తుంది. జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది. అందులో పడటానికి ముందు ఆ ఆలోచన కొత్తదా, పాతదా అని ఎగ్జామినర్ ఎవరూ చూడరు. 2021లో నిబంధనలు సవరించి విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గించారు. కాబట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు 1,600 రూపాయలు, త్వరిత ప్రచురణకు 2,500. మొత్తం 4,100 రూపాయలకు జర్నల్‌లో మీ పేరు పడుతుంది. పెళ్లి పత్రిక అచ్చు వేయించినంత మాత్రాన పెళ్లి అయిపోదు కదా.

అసలు కథ ఆ తరువాత మొదలవుతుంది. పరీక్ష కోరుతూ విడిగా ఫారం 18 వేయాలి, దానికి 4,000. 2024 మార్చి 15 తరువాత వేసిన దరఖాస్తులకు ఆ గడువును 48 నెలల నుంచి 31 నెలలకు కుదించారు. వేయకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క. వేస్తే, ఎగ్జామినర్ ప్రపంచమంతా వెతికి అభ్యంతరాలు రాసి పంపుతారు. వాటికి ఆరు నెలల్లో సమాధానం ఇవ్వాలి. ఫ్లెక్సీ మీద ఎక్కిన పేటెంట్లలో ఎన్నిటికి మీరు ఫారం 18 వేశారో ఒకసారి ఫైలు తెప్పించి చూడండి. ర్యాంకింగుల్లో ప్రచురణకూ కొన్ని మార్కులు పెట్టినవారిది సగం తప్పు. ఆ మార్కుల కోసం పేర్లు అమ్ముకునే దళారుల దగ్గరకు వెళ్లడం మాత్రం పూర్తిగా మన తప్పే. తొమ్మిది మంది ఆవిష్కర్తల జాబితాలో ఆరో స్థానానికి ఎంత, రెండో స్థానానికి ఎంత అని ధరల పట్టిక వాట్సాప్‌లో తిరగడం నేను కళ్లారా చూశాను. చట్టం దృష్టిలో ఆవిష్కర్త అంటే ఆలోచన పుట్టిన మనిషి. ఆ హోదాను సీటులా అమ్మడానికి వీల్లేదు.

ఇక క్లెయిమ్ సంగతి. పొలం కొనేటప్పుడు దస్తావేజులో మనం మొదట చూసేది హద్దులు. తూర్పున ఎవరి చేను, పడమర ఏ డొంక, ఉత్తరాన ఏ కాలువ. నేల ఎంత సారవంతమో నాలుగు పేజీలు వర్ణించినా, హద్దులు తప్పు పడితే ఆ కాగితం వివాదంలో నిలబడదు. పేటెంట్‌లో ఆ హద్దులే క్లెయిములు. ఒక్కో క్లెయిమ్ ఒక్కటే వాక్యంగా ఉంటుంది. పొలానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ మాటలు పెరిగిన కొద్దీ పొలం చిన్నదవుతుంది.

మెకానికల్ పిల్లలకు దీన్ని చెప్పడానికి నాకు తెలిసిన మంచి పాఠం బజాజ్, టీవీఎస్‌ల తగాదా. చిన్న ఇంజన్‌లో పలచని ఇంధన మిశ్రమాన్ని బాగా మండించడానికి సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టడం మీద బజాజ్‌కు పేటెంట్ ఉండేది, నంబరు 195904. పల్సర్ మీద డీటీఎస్-ఐ అనే అక్షరాలు గుర్తున్నాయా, ఆ సాంకేతికతే. 2007లో టీవీఎస్ 125 సీసీ ఫ్లేమ్ బండిని తెచ్చింది. దానికీ రెండు ప్లగ్గులే. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు సింగిల్ జడ్జి ఆపమన్నారు. టీవీఎస్ ఒక్క ప్లగ్గుతో బండిని మార్కెట్లోకి దించింది. 2009 మేలో డివిజన్ బెంచ్ ఆ నిషేధాన్ని ఎత్తేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి కేసులను ఏళ్ల తరబడి నాన్చకుండా త్వరగా తేల్చాలని ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు చెప్పింది.

ఇప్పుడు క్లెయిమ్ తీసి బోర్డు మీద రాయండి. సిలిండర్ బోర్, అంటే లోపలి వ్యాసం, 45 నుంచి 70 మిల్లీమీటర్లు అని ఉంది. సిలిండర్‌కు రెండు వాల్వులు అని ఉంది. మా ఇంజన్‌కు మూడు వాల్వులు అన్నది టీవీఎస్ వాదనల్లో ఒకటి. రెండు కంపెనీలు, నాలుగైదు రకాల న్యాయవాదులు, కోట్ల రూపాయల బండ్లు, అన్నీ వచ్చి ఒక అంకె దగ్గర ఆగాయి. రెండు అని రాసినప్పుడు మూడు అందులో వస్తుందా, రాదా? బోర్ 71 మిల్లీమీటర్లయితే? పిల్లలను రెండు జట్లుగా చేసి వాదించమనండి. థర్మల్ ఇంజనీరింగ్ క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయే కుర్రాడు లేచి మాట్లాడతాడు. నేను రెండు చోట్ల చేసి చూశాను.

ఇంకో కేసు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రాజెక్టుల్లో సగానికి సగం దాని దెబ్బకు ఆగవు. పాత్రలను లేతు యంత్రం మీద తిప్పేటప్పుడు జారి ఎగిరిపోకుండా గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటు మీద 1951లో ఒకరు పేటెంట్ తీసుకున్నారు. తగాదా సుప్రీంకోర్టుకు చేరి 1978లో తీర్పు వచ్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు అంటే ఈ వృత్తిలో తెలియనివారుండరు. ముందే వాడుకలో ఉన్న టెయిల్‌స్టాక్‌ను, అంటే లేతు చివర వస్తువును ఆనించి పట్టే భాగాన్ని, తెచ్చి పాత్రకు ఆనించడం చెయ్యి తిరిగిన పనివాడికి తట్టే మెరుగే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు పేటెంట్‌ను కొట్టేసింది. గొడుగుకు ఫ్యాను బిగించి, బకెట్‌కు టార్చిలైటు కట్టి, దానికి సోలార్ ప్యానెల్ తగిలించి పేటెంట్ అంటే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) ఒప్పుకోదు. దేని పని అది చేసుకునే పాత వస్తువులను పక్కపక్కన పెట్టడం ఆవిష్కరణ కాదు.

కంప్యూటర్ సైన్స్ వారికి సెక్షన్ 3(కె) ఉంది. కేవలం ప్రోగ్రాం, అల్గారిదం, వ్యాపార పద్ధతి అయితే పేటెంట్ రాదు. అలాగని తలుపులు పూర్తిగా మూయలేదు. సాంకేతిక ప్రభావం చూపగలిగితే పరిశీలించాల్సిందేనని 2019 డిసెంబరులో ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. హాస్టల్ మెస్ మెనూ యాప్‌కు ఆ ప్రభావం ఎక్కడ నుంచి వస్తుందో నాకైతే తెలియదు. దాని కోడ్‌కు కాపీరైట్ ఎలాగూ ఉంటుంది, అది చాలు.

మేధోసంపత్తి హక్కుల సబ్జెక్టు మా సిలబస్‌లో ఉందని మీరు అంటారు. ఉంది. ఆ జవాబు పత్రాలు కొన్ని చూశాను. పేటెంట్, ట్రేడ్‌మార్క్, కాపీరైట్‌ల మధ్య భేదాలు ఒక పట్టిక, తరువాత తిరుపతి లడ్డూ, పోచంపల్లి ఇక్కత్, బనగానపల్లె మామిడి. లడ్డూ మీద నాకు కోపం లేదు. కానీ నాలుగేళ్లు చదివి, చేతిలో ఒక్క పేటెంట్ పత్రాన్నీ పట్టుకోకుండా, దాని బొమ్మల్లోని అంకెలకూ రాతకూ సంబంధం ఏమిటో చూడకుండా ఆ సబ్జెక్టు పాసైపోవడం ఎలా సాధ్యమవుతోంది? ఈత పుస్తకంలో నేర్పినట్టుంది.

ఉద్యోగాల మాటకు వస్తాను. మా ఇంట్లో నా పనిని కోడిగుడ్డుకు ఈకలు పీకే పని అంటారు. నిజమే. 2012లో నేను బయటకు వచ్చినప్పుడు మెకానికల్ వాడికి క్యాంపస్‌లో దొరికింది కోడింగ్ ఉద్యోగమే. అది నచ్చక తిరుగుతుంటే పేటెంట్ సెర్చ్ చేసే ఒక చిన్న సంస్థలో చోటు దొరికింది. మొదటి పని వాషింగ్ మెషీన్ తలుపు గొళ్లెం. విదేశంలో ఒక కంపెనీకి పోటీదారుడి పేటెంట్ అడ్డొచ్చింది. ఆ గొళ్లెం అంతకు ముందే ఎవరైనా చేశారా అని వెతకాలి. పదకొండు రోజులు గొళ్లేలు తప్ప వేరే లోకం లేదు. తొమ్మిదో రోజు సాయంత్రం 1970ల నాటి ఒక పాత పత్రంలో, మూడో బొమ్మలో, అదే స్ప్రింగు, అదే వంపు. పక్కన ఎవరూ లేరు, ఉంటే కౌగిలించుకునేవాడిని. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో తెచ్చుకున్న మార్కులు ఆ రోజు నాకు అన్నం పెట్టాయి.

ఈ పనికి లా డిగ్రీ ఉండాలని చాలామంది అనుకుంటారు. పేటెంట్ ఏజెంట్ కావడానికి అక్కర్లేదు. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 126 ప్రకారం భారత పౌరుడై, 21 ఏళ్లు నిండి, సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండి, అర్హత పరీక్ష పాసైతే చాలు. లా మాత్రమే చదివినవారికి ఈ దారి లేదు, మీ పిల్లలకు ఉంది. పరీక్షలో చట్టం, నిబంధనల మీద నూరు మార్కులకు ఒక పేపరు, స్పెసిఫికేషన్, అంటే క్లెయిములతో సహా ఆవిష్కరణ వివరణ, రాయడం మీద నూరు మార్కులకు ఇంకొకటి, యాభై మార్కులకు మౌఖిక పరీక్ష. ఒక్కో పేపరులో యాభై రావాలి, మొత్తం మీద 60 శాతం తెచ్చుకోవాలి. మొదటిసారి నాకు రెండో పేపరులో నలభై ఆరు వచ్చాయి. ఈ పరీక్ష ఏటా ఠంచనుగా జరగదు, మళ్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా కాచుకు కూర్చున్నాను. చట్టం కంఠతా వచ్చు, క్లెయిమ్ రాయడం చేతకాలేదు. కళాశాలలో ఎవరైనా ఒక్కసారి రాయించి ఉంటే ఆ కాలం మిగిలేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రభుత్వంలోనూ చోటుంది. 2023లో పేటెంట్ కార్యాలయాలకు ఎగ్జామినర్లుగా 553 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. బీటెక్ అర్హత, గ్రూప్ ఎ గెజిటెడ్ హోదా, మూలవేతనం 56,100తో మొదలు. గ్రూప్ వన్ కోసం అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడుపుతున్న బీటెక్ కుర్రాళ్లను అడిగితే సగం మందికి ఈ ఉద్యోగం ఒకటుందనే తెలియదు. కెమికల్, ఫార్మసీ వారికి మన హైదరాబాదే పాఠశాల. 2012 మార్చిలో దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా ఇచ్చే తయారీ అనుమతి, తెచ్చుకున్నది ఇక్కడి మందుల కంపెనీ నాట్కో. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ నెలకు 2.80 లక్షల రూపాయలుంటే, నాట్కో 8,880కు అమ్మడానికి అనుమతి పొందింది. పేటెంట్ ఉన్నవారికే కాదు, పేటెంట్ అడ్డుగా నిలిచినవారికీ చదవగలిగినవాళ్లు కావాలి. లా వైపు వెళ్లాలనుకునేవారికి ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇంజనీర్లను చేర్చుకునే లా కళాశాల ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ పేటెంట్ చట్టంలో డిప్లొమా ఇస్తోంది.

అందరికీ పడే పని కాదని కూడా చెప్పండి. రోజంతా తెర ముందు కూర్చుని ఇతరుల ఆలోచనలు చదవాలి. గడువు తప్పితే హక్కు పోతుంది, అది ఎవరి హక్కో వారు మిమ్మల్ని క్షమించరు. ఇంగ్లిష్ భయం మాత్రం అనవసరం. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివిన నా సహోద్యోగి రాసే క్లెయిములు మా కార్యాలయంలో అందరికంటే శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే ఆమెకు అలంకారాలు రావు.

మళ్లీ మీ దగ్గరకే వస్తాను. ఫైనలియర్ రివ్యూకు, ప్రదర్శనకు, రీలుకు ముందు ప్రావిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు వేయించండి. 1,600 రూపాయలతో ఎవరు ముందో తేల్చే తేదీ ఖరారవుతుంది, పూర్తి స్పెసిఫికేషన్‌కు పన్నెండు నెలల వ్యవధి ఉంటుంది. ముందే బయట చూపిస్తే సెక్షన్ 31 కాపాడుతుందిలే అనుకోకండి. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలు, విద్వత్సభల్లో చదివిన పత్రాలు వంటి కొద్ది సందర్భాలకే అది పరిమితం. మీ టెక్ ఫెస్ట్ ఆ జాబితాలో లేదు. విద్యార్థుల చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించే అలవాటు మానండి. విద్యార్థి మీ ఉద్యోగి కాడు, హక్కు కళాశాలకు కావాలంటే వాడికి చదివి వినిపించి, ఏమి ఇస్తున్నారో చెప్పి, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫ్లెక్సీ తప్పదంటే వేయండి, కానీ మూడు గడులు గీయండి: దరఖాస్తు చేసినవి, ప్రచురితమైనవి, మంజూరైనవి. మూడో గడిలో సున్నా ఉంటే సున్నాయే వేయండి. వచ్చే ఏడాది అక్కడ ఒకటి పడితే ఆ ఒకటికి విలువ ఉంటుంది.

ఆ మిరపకాయల పిల్లలు ముగ్గురూ తమ పేర్ల మీదే ప్రావిజనల్ వేసుకున్నారు. పూర్తి స్పెసిఫికేషన్ ఇప్పుడు ఆ అమ్మాయే రాస్తోంది. నేను దిద్ది పంపిస్తున్నాను, ఆమె నా దిద్దుబాట్లను దిద్ది వెనక్కి పంపిస్తోంది. మొదటి క్లెయిమ్ నాలుగో ప్రతి దగ్గర ఉన్నాం. ఒక విశేషణం దగ్గర తెగడం లేదు. అది ఉంచితే హద్దు మరీ ఇరుకు, తీసేస్తే పాత యంత్రం ఒకటి మా పొలంలోకి వచ్చేస్తుంది. శనివారం మిర్చి యార్డుకు వెళ్లి, అక్కడి యంత్రం మళ్లీ చూసొచ్చి చెబుతానంది.

ఇట్లు,
మీ కళాశాలల్లో ఒకదానిలో చదివిన ఒక పేటెంట్ ఏజెంట్,
హైదరాబాద్